తరువాత వేసిన తెల్ల తీగ

నేను మోస్తున్నది ఒక చిన్న మాట. అనడానికి ఒక గుక్క ఊపిరి కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళూ చాలలేదు. ఆ ఇంటి గడప దాకా ఎన్నిసార్లు వెళ్ళానో. ప్రతిసారీ నీళ్ళు తాగి, వానల గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, చెప్పులేసుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటా.

ఏడుపు కథ చెబుతానని భయపడకండి. నాకు నా మీద కోపం ఉన్నమాట నిజమే, కానీ దానికంటే ఆశ్చర్యం ఎక్కువ. చిన్నప్పుడు మా నాయన రేడియోను విప్పి, లోపల మనిషి లేడని తేలాక కూడా, మరి గొంతు ఎక్కడిదని తన్నులు తింటూ అడిగినవాణ్ణి. నన్ను నేను విప్పి చూసుకోవడం మాత్రం ఇన్నేళ్ళూ వాయిదా వేశాను. ఇప్పుడు చూస్తున్నాను.

నా పని ఇళ్ళ మీద డిష్‌లు బిగించడం. కోయంబత్తూరు నుంచి అన్నూరు వెళ్ళే దారిలో, చుట్టుపక్కల ఊళ్ళలో, నేను ఎక్కని మిద్దె తక్కువ. మావి ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు. ఎన్ని తరాల కిందట ఏరు దాటి వచ్చామో ఎవరికీ తెలియదు. మా తెలుగు తెలుగు ఛానెళ్ళవాళ్ళకు నవ్వు తెప్పిస్తుంది, వాళ్ళ తెలుగు మా అవ్వలకు నిద్ర తెప్పిస్తుంది. అయినా ప్రతి ఇంట్లో తెలుగు ప్యాకేజీ కావాలంటారు. అర్థం కాకపోయినా సద్దు ఉండనీ అంటారు.

అలాంటి ఇళ్ళలో ఒకటి రంగమ్మ అవ్వది. నాకు దూరపు చుట్టం. ఆ ఇంట్లో ఒక చిన్న గది ఉంది. అందులో ఒక వెదురు పెట్టె, పెట్టెలో ఒక చీర. వలస వచ్చేటప్పుడు దారిలో చనిపోయిన కన్నెపిల్లను ఆ వంశంవాళ్ళు కన్నెమ్మ అని కొలుస్తారు. ఏడాదికి ఒక రోజు పాత చీర తీసి కొత్త చీర పెడతారు. ఆ రోజు ఇంటి పెద్ద ఆడమనిషి ఒక పాట పాడుతుంది. మిగతా రోజుల్లో ఆ పాట ఎవరూ నోటికి తెచ్చుకోకూడదు. తొలి కాన్పు కాని కోడలు వినకూడదు. కన్నెమ్మకు కళ్ళు కుడతాయట. ఇక ఆ గది గోడకు ఇనుము తగలకూడదు. మేకు కొట్టడం దేవుడెరుగు, దాని దగ్గర సుత్తి సద్దే వినిపించకూడదు.

ఆ పాట అప్పటికి అవ్వ ఒక్కదానికే వచ్చు. ఆమె కూతుళ్ళు ఏడాదికొకసారి విన్నవాళ్ళే గాని పట్టుకున్నవాళ్ళు కారు. ఫోన్‌లో ఎక్కించుకుంటామంటే అవ్వ ఒప్పుకునేది కాదు. ఒక సంవత్సరం తెలుగు ఛానెల్ ఒకటి తమిళనాడులో ఉండిపోయిన తెలుగువాళ్ళ మీద కార్యక్రమం తీస్తూ మా ఊరొచ్చింది. అవ్వ పెద్దకొడుకు, నేను మామా అని పిలిచే ఆయన, తల్లి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఏం తోచిందో, అవ్వ సరేనంది. చీర మార్చే రోజున కెమెరా ముందు పాడింది. ఆ ఒక్కసారే.

కార్యక్రమం వచ్చే తేదీ తెలిశాక ఒక చిక్కు వచ్చింది. అదే ఆదివారం మేలూరులో అవ్వ మనవరాలి పెళ్ళి. ఇంటిల్లిపాదీ పోవాలి. అప్పుడు మామ నన్ను పిలిచాడు. ఒకటి చూస్తూ ఇంకొకటి పట్టిపెట్టుకునే రికార్డింగ్ పెట్టెలు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. అది పెట్టించాలన్నాడు. అవ్వ ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నా గొంతును పట్టి పెడతాదా అని అడిగింది. పెడుతుందన్నాను.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి, విసుక్కోకండి. ఆకాశం నుంచి ఛానెళ్ళు రెండు గుంపులుగా దిగుతాయి. ఒక తీగ ఒకసారికి ఒక గుంపునే మోస్తుంది. మామూలు పెట్టెకు అది చాలు. రికార్డింగ్ పెట్టెకు మాత్రం డిష్ నుంచి రెండు తీగలు విడివిడిగా రావాలి, పట్టిపెట్టేదానికి ఒకటి, చూసేదానికి ఒకటి. అలా కాకుండా ఒకే తీగను పెట్టె దగ్గర చీలిక బిళ్ళతో రెండు చేసి గుచ్చితే? ఆ రెండు ఛానెళ్ళూ ఒకే గుంపువైతే ఏ పేచీ లేదు. వేరు గుంపులవైతే ఒకటి గెలుస్తుంది, ఇంకొకటి నల్లబడుతుంది. ఇది నాకు తెలుసు. నేర్పినవాళ్ళు మరీ మరీ చెప్పారు.

మొదటి తీగ, నల్లది, పాత కేబుల్ పైపులోంచి సులువుగా దిగింది. పైపులో రెండోదానికి చోటు లేదు. దగ్గర దారి కన్నెమ్మ గది గోడ వెంబడే. నేను మేకుల క్లిప్పులు తీయగానే అవ్వ వచ్చి నిలబడింది.

"ఆ గోడకు ఇనుము తగలరాదురా. ఇల్లు చుట్టి తీసకపో. పొద్దు పోయినా పరవాలేదు."

చుట్టి తీసుకెళ్ళాలంటే వెనక వసారా పెంకుల కింద దూరాలి. దూరగలను. బద్ధకం లేదని అనను. కానీ అసలు కారణం బద్ధకం కాదు, ఇదే నన్ను ఇప్పటికీ కుడుతుంది. నా సంచిలో చీలిక బిళ్ళ ఉంది. పనిచేయదని విన్నానే గాని పెట్టి చూసింది లేదు. నిజంగానే నల్లబడుతుందా? ఏది గెలుస్తుంది? చూడాలని చేతులు ఉవ్విళ్ళూరాయి. పెట్టాను. ఒక తెలుగు ఛానెల్ రికార్డుకు పెట్టి, ఒక తమిళ ఛానెల్ చూశాను. రెండూ బాగానే వచ్చాయి. ఇంకొకటి మార్చి చూశాను, అదీ వచ్చింది. ఆ మూడూ ఒకే గుంపువి అయ్యుంటాయని ఆలోచించాలి కదా? ఆలోచించాను కూడా. సంబరంలో ఉన్నవాడి ఆలోచన ఎంతసేపుంటుంది. పెళ్ళిలోపు వచ్చి రెండో తీగ లాగుదాములే అనుకున్నాను. అనుకోవడానికి ఏం, నోరు కూడా నొప్పి పుట్టదు.

ఇంట్లో అందరికీ రిమోట్ నేర్పించాను. ఎర్ర గుర్తు కనిపిస్తే పెట్టె తన పని తాను చేసుకుంటుంది, మీరు ఏ ఛానెల్ అయినా చూసుకోవచ్చు అన్నాను. అందరికంటే శ్రద్ధగా విన్నది కలైవాణి. అవ్వ మనవడి పెళ్ళాం. ప్రేమ పెళ్ళి. ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబం పిల్ల. అప్పటికి నిండు నెలలు. మా మాట సగం అర్థమయ్యేది, పలకడం రాదు. నిజంగానే ఏదైనా మార్చుకోవచ్చా అని తమిళంలో మళ్ళీ అడిగింది. దేన్నైనా, ఎన్నిసార్లైనా అన్నాను.

పెళ్ళికి అందరూ బయల్దేరారు. బస్సులో మదురై దాకా పోయి అక్కణ్ణించి మేలూరు పోవాలి, ఆ కుదుపులకు నిండు చూలాలు ఆగదని కలైవాణిని ఇంట్లో ఉంచారు. తోడుగా ఆమె తల్లి వచ్చింది. బయల్దేరేముందు అవ్వ ఆ అమ్మాయికి చెప్పి వెళ్ళిందట, పాట వచ్చేటప్పుడు వినవద్దని. నేను మాత్రం పెళ్ళిలోపు ఆ ఇంటికి పోలేదు. మరిచిపోయాననలేను. గుర్తుంది. ఏమవుతుందో చూద్దామని కూడా లోపలెక్కడో ఉందేమో. ఉందా? తవ్వేకొద్దీ ఉందనే అనిపిస్తుంది.

వాళ్ళు తిరిగి వచ్చిన మరుసటి రోజు నాకు ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి హాలు నిండా జనం. పాట చూడడానికి చుట్టాలను కూడా పిలుచుకున్నారు. మామ నాకోసం మళ్ళీ మొదటి నుంచి వేశాడు. మా ఊరి వీధి కనిపించింది. మైకు పట్టుకున్న అమ్మాయి ఏదో చెప్పింది. వెదురు పెట్టె, కొత్త చీర. అవ్వ కూర్చుంది, కొంగు సర్దుకుంది, నోరు తెరిచింది. అంతే. తెర నల్లబడింది. చివరి దాకా నలుపే.

నేను మొదట ఏమనుకున్నానో చెప్పనా? ఓహో, చూసే ఛానెలే గెలుస్తుందన్నమాట, అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, నాకు మొదట కలిగింది అదే. నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ తరువాతే చుట్టూ ఉన్న మొహాలు కనిపించాయి.

జరిగింది ఇంతే. కలైవాణి ఆ రోజు ఇంట్లో కార్యక్రమం చూస్తూ ఉంది. అవ్వ పాడబోతుండగా, తాను వినకూడదు గనుక, గబుక్కున వేరే ఛానెల్‌కు మార్చింది. పెద్దామె మాట దాటకూడదని, కన్నెమ్మకు అపచారం జరగకూడదని మార్చింది. మార్చుకోవచ్చని నేను చెప్పాను కాబట్టి మార్చింది. ఆ ఛానెల్ రెండో గుంపుది. టీవీ కట్టేసినా సరిపోయేది, పాట పదిలంగా ఉండేది. ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

చుట్టాల్లో ఎవరో అప్పటికే తీర్పు చెప్పేశారు, మన మాట రానిదానికి దాని విలువ ఏం తెలుస్తుందని. ఇంకెవరో సీరియల్ పిచ్చి అన్నారు. ఆదివారం సీరియల్ ఎక్కడిదని అడిగినవాళ్ళు లేరు. అవ్వ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను దగ్గరకు పిలిచింది.

"నీ లైన్లో ఏమన్నా కోళారు ఉండాదా? ఉంటే ఉండనీ, నేనేమీ అనను. నిజం చెప్పు సామీ."

కోళారంటే లోపం. ఆ మాట ఆమె ఎంత మెల్లిగా అడిగిందో. తలుపు తీసి పట్టుకుని, రా అన్నట్టు అడిగింది. ఉంది అవ్వా అంటే అయిపోయేది. నాలుగు తిట్లు తిందును. బిగించడం రానివాడని ఊళ్ళో పేరు పడేది, అది నిజమే గాని ఆ పేరును చూసి అంత వణకాలా? ఏం చూసి వణికాను? ఆ వయసులో నాకున్నది ఆ పేరొక్కటే. ఏదైనా విప్పి బాగుచేస్తాడనే పేరు.

"లైను బాగ దాన్ ఉండాది అవ్వా. ఎవురో ఛానెల్ మార్చినట్టుండాది."

ఇదే నేను మోస్తున్న మాట. చూడండి, ఎంత నేర్పుగా కట్టానో. ఛానెల్ మార్చడం నిజం. ఉన్న ఒక్క లైను బాగుండడమూ నిజం. రెండు నిజాలను చీలిక బిళ్ళకు గుచ్చినట్టు ఒకచోట గుచ్చి ఒక అబద్ధం చేశాను. ఎవరో అన్నాను, పేరు చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క కోడలు, ఆమె తల్లి.

కలైవాణి వంటింటి గుమ్మంలో పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. నావైపు చూసి, "అన్నా, నీంగ దానే సొన్నీంగ?" అంది. మీరే కదా చెప్పారు, అని. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్ళు అడిగినట్టు అడిగింది. నేను స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ కూర్చున్నాను. ఎంతకని తుడుస్తాను దాన్ని? తలెత్తేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

వినొద్దంటిని గాని ఆపమంటినా, అంది అవ్వ, ఎవరితోనో కాదు, తనలో తానే.

ఆ తరువాత నేను చేసింది ఇంకా సిగ్గుచేటు. కొన్ని రోజులాగి, సర్వీసుకు వచ్చానని చెప్పి, వెనక వసారా పెంకుల కింద దూరి, ఇల్లు చుట్టి రెండో తీగ లాగాను. నల్ల తీగ చుట్ట అయిపోతే తెల్లది వేశాను. చీలిక బిళ్ళ జేబులో వేసుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ ఛానెల్ చూస్తూ ఏది పట్టిపెట్టినా చక్కగా వచ్చింది. అలా వచ్చిన ప్రతి రికార్డింగూ కలైవాణిదే తప్పని మళ్ళీ మళ్ళీ సాక్ష్యం చెప్పింది.

మామ ఆ ఛానెల్‌కు ఫోన్లు చేసి చేసి అలిసిపోయాడు. కార్యక్రమం మళ్ళీ వేయలేదు. ఇంటర్నెట్‌లో నేను వెతికిన వెతుకులాట అంతా ఇంతా కాదు. దొరకలేదు. ఆ పాట ఏ పుస్తకంలోనైనా ఉంటుందేమోనని నాకో పిచ్చి పట్టింది. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు అక్షరం తెలియదు. టీవీలో అడుగున పరుగెత్తే వార్తలు చూసి కొంత, ఊళ్ళో రిటైరైన మాస్టారొకాయన దగ్గర కొంత, గుణింతాలు దిద్ది దిద్ది తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను. దొరికిన పాటల పుస్తకమల్లా తిరగేశాను. ఎందులోనూ అది లేదు. అలా వెతకడం పశ్చాత్తాపమా? కుతూహలమా? నాకు రెండిటినీ విడదీయడం చేతకావడం లేదు.

కలైవాణికి ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు అయింది గనుక ఇక పాట వినొచ్చు. అవ్వ ఆమెను పిలిచి, పోగొట్టినదానివి నువ్వే, పట్టుకోవలసిందీ నువ్వేనని చెప్పిందట. కూతుళ్ళకు కాకుండా పరాయి మాట పిల్లకు నేర్పుతావా అని ఇంట్లో పెద్ద రభస. అవ్వ వినలేదు. పాటగా పాడకూడదు కదా, మాటలుగా చెప్పేది, ఒక్కొక్కటిగా. బియ్యం ఏరుతూ, పిల్లకు నీళ్ళు పోస్తూ, ఆ అమ్మాయి నాలుక తిరగని మాటల్ని తిప్పి తిప్పి నేర్చుకుంది. రాగం మాత్రం ఏడాదికొకసారి అవ్వ పక్కన కూర్చుని పట్టుకుంది. చెయ్యని తప్పుకు అంత శిక్ష, ఒక్క మాట ఎదురు చెప్పకుండా. అవ్వ పోయాక చీర మార్చే రోజున పాడుతున్నది ఆమే. ఒకసారి నేనూ వాకిట్లో నిలబడి విన్నాను. ఏరు దాటి వస్తిమి కన్నెమ్మా, ఎనక్కు తిరిగి చూడకుంటిమి, అని మొదలవుతుంది. ఆ మొదటి మాటలోనే నాకు తెర నల్లబడడం గుర్తొచ్చి, అక్కడ నిలవలేక వచ్చేశాను.

ఇంత చేసినా ఇంట్లో ఆమె పేరు మారలేదు. ఛానెల్ మార్చిన కోడలు. ఎగతాళికే అంటారు, ప్రేమగానే అంటారు, పండగలకు చుట్టాలు వచ్చినప్పుడు నవ్వుకుంటూ అంటారు. ఆమె కూడా నవ్వుతుంది. అవ్వ గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. అది ఆమె వల్లే లేదని అందరూ అనుకుంటారు. ఏమో, ఆమె కూడా అలాగే అనుకుంటోందేమో. నాకు అన్నిటికంటే భయం ఇదే.

మొన్న ఆ ఇంటి డిష్ దించడానికి పిలిచారు. ఇప్పుడంతా ఇంటర్నెట్ టీవీలే కదా. తుప్పు పట్టిన బోల్టులు విప్పి, తీగలు లాగి, వాకిట్లో కూర్చుని చుట్టలు చుడుతున్నాను. కలైవాణి కాఫీ తెచ్చింది. కూతురు వెనకాలే వచ్చి, ఛానెల్ మార్చిన అమ్మకు ఇక మార్చడానికేమీ లేదని ఏడిపించింది. కలైవాణి నవ్వుతూ తీగల వైపు చూసింది. నల్లది ఎండకు పగిలి, బూడిద రంగుకు తిరిగి ఉంది. తెల్లది దానికంటే పడుచుగా ఉంది.

రెండూ ఒకే రోజు వేసినవే కదా, ఒకటి ఇంత పాతగా, ఒకటి ఇంత కొత్తగా ఎందుకుందని అడిగింది. ఇప్పుడామె అడిగేది అచ్చం మా అవ్వల తెలుగులోనే.

పెంకుల కింద నీడలో ఉండింది కదా అన్నాను.

అబద్ధం చూడండి, ఎంత సులువుగా వస్తుందో. ఆమె ఓ అంది. తెల్ల తీగ కొస పట్టుకుని, వేళ్ళతో నిమిరి, ఒకసారి మిద్దె వైపు, ఒకసారి నా వైపు చూసింది. కాఫీ చల్లారిపోతుందని చెప్పి లోపలికి వెళ్ళింది. ఆమెకు తెలిసిందా? ఎప్పటి నుంచో తెలుసా? తెలిసీ నన్ను అన్నా అని పిలుస్తూ కాఫీ ఇస్తోందా? అదైతే నేనేమయిపోవాలి?

ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. ఇక్కడి దాకా రాశాక ఒక సంగతి తట్టి చెయ్యి ఆగింది. నేను ఇదంతా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ఆ ఇంట్లో ఒక్కరికి కూడా ఈ అక్షరాలు రావు. తమిళంలో రాసుంటే కలైవాణి నిలుచున్నపాటున చదివేసేది. నాకు తమిళం ఇంతకంటే బాగా వచ్చు. మరి తెలుగులోనే ఎందుకు రాశాను? మళ్ళీ అదే నేర్పు. చెప్పినట్టూ ఉండాలి, వాళ్ళకు చేరకుండానూ ఉండాలి.

కానీ ఒకటుంది. ఆమెకు చదవడం రాదు గాని, వింటే ప్రతి ముక్కా అర్థమవుతుంది. ఆ వినికిడి ఆమెకు ఎలా అబ్బిందో మీకు చెప్పాను. ఎదురుగా కూర్చుని పైకి చదవగలనా? తెలియదు. చదివినా ఆమె ఏమంటుందో, అసలు ఏమైనా అంటుందో లేదో తెలియదు. పోయిన గొంతైతే రాదు. ఇప్పటికి ఇక్కడ, మీ ముందు, అవ్వ అడిగినదానికి జవాబు చెప్పేస్తాను. ఆమె అడిగినంత మెల్లిగానే.

ఉండాది అవ్వా. కోళారు నా లైన్లోనే ఉండాది. ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు.